క్షమించానని చెప్పాక కూడా కోపం వస్తోందంటే క్షమించనట్టేనా?

డబ్బు దగ్గర మోసం చేసిన దగ్గరి బంధువుని క్షమించానని మీరు ప్రార్థనలో చెప్పేశారు. అయినా ఆయన ఎదురుపడితే ఒళ్లు మండుతోంది. అంటే క్షమించనట్టేనా, మళ్లీ మునుపటిలా కలిసిమెలిసి ఉండాలా, ఈ మనసుతో ప్రభువు బల్లకి (సంఘంలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి) వెళ్లొచ్చా, పోయిన డబ్బుకి కూడా దేవునికి కృతజ్ఞతలు చెప్పాల్సిందేనా అని అడిగారు. ఇవి నాలుగు వేరు వేరు ప్రశ్నలు. వాటన్నిటినీ కలిపి ఒకే ముద్ద చేసుకోవడం వల్లే సగం బాధ.

కోపం వచ్చినంత మాత్రాన క్షమించలేదని అర్థం చేసుకోనక్కర్లేదు. "ప్రభువా, ఆయన్ని క్షమిస్తున్నాను" అని ఒక్క వాక్యంలో ప్రార్థన ముగించేసి ఉంటే మాత్రం మీరు దేన్ని క్షమించారో మీకే తెలిసి ఉండదు. చాలామంది దగ్గర తేడా వచ్చేది ఇక్కడే. మత్తయి 18లో యేసు క్షమాపణని అప్పు లెక్కగా చెప్పాడు: రాజు ఒక దాసుడి అప్పు రద్దు చేశాడు, ఆ దాసుడు మాత్రం తనకి బాకీ ఉన్న తోటి దాసుణ్ని వదల్లేదు. అప్పు రద్దు చేయాలంటే ముందు ఎంతో తేలాలి.

ఆ ఉపమానంలో తోటి దాసుడు బాకీ పడింది నూరు దేనారాలు. దేనారమంటే ఒక కూలివాడి రోజు కూలి. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని ఒప్పుకున్నది అదే. అంటే వంద రోజుల కష్టం, మూడు నెలలకి పైమాట. మొదటివాడికి రాజు వదిలేసింది పదివేల తలాంతులు. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు, అంటే మొత్తం 6 కోట్ల రోజుల కూలి. ప్రసంగాల్లో ఈ రెండో అంకె చూపించి మొదటిదాన్ని చిల్లర చేసేస్తారు: "నీకు జరిగింది ఏపాటిది లే" అని. యేసు అలా అనలేదు. వంద రోజుల కూలి పోతే ఎవరికైనా ఇల్లు కదిలిపోతుంది. రాజు ఆ దాసుడి మీద మండిపడింది వాడు గొంతు పట్టుకున్నందుకు, చెరసాలలో వేయించినందుకు. అంతేగాని, ఆ బాకీ అసలు లేదని ఎవరూ అనలేదు.

కాబట్టి ఒక కాగితం తీసుకుని మూడు వరసలు గీయండి. మొదటి వరసలో ఆయన ఏం చేశాడో రాయండి. కళ్లతో చూసిందీ చెవులతో విన్నదీ మాత్రమే. "తీసుకున్న డబ్బు ఇవ్వలేదు. అడిగితే అందరి ముందూ నన్ను అబద్ధాలకోరు అన్నాడు." అంతే. "నన్ను నాశనం చేయాలనే చేశాడు" అని రాయకండి, అది మీ ఊహ. ఊహ రోజురోజుకీ పెరుగుతుంది, పెరిగే బాకీని రద్దు చేయడం ఎవరి తరమూ కాదు. రెండో వరసలో దానివల్ల మీకేం పోయిందో రాయండి. డబ్బు ఒకటే కాదు, నిద్ర, పేరు, ఇంట్లో మీ మాటకున్న విలువ కూడా. మూడో వరస కష్టమైనది: అప్పటినుంచి మీరు ఎలా వసూలు చేస్తున్నారు? ఫోన్ ఎత్తకపోవడం, ఆయన పేరు వస్తే ఒక ఎత్తిపొడుపు మాట విసరడం, ఆయనకి నష్టం వచ్చిందని తెలిస్తే లోపల చల్లగా అనిపించడం, ప్రార్థన విన్నపం అనే పేరుతో ఆయన సంగతి పదిమందికి చేరవేయడం. ఆ చివరిది సంఘాల్లో బాగా నడిచే వసూలు, ఎవరూ తప్పని కూడా అనుకోరు.

తర్వాత ఒక్కొక్క పద్దు పైకి చదువుతూ ప్రార్థించండి: "ప్రభువా, ఆయన నన్ను అందరి ముందూ అబద్ధాలకోరు అన్నాడు. ఇంట్లో నా మాట పోయింది. దీనికి నేను పగ తీర్చుకోను, నీకు అప్పగిస్తున్నాను." రోమా 12:19 అడిగేది ఇదే. ఒకసారి కూర్చున్నప్పుడు మూడు నాలుగు పద్దులకి మించి వద్దు. తేలికైనవి ముందు, బరువైనవి తర్వాత. రాత్రి కూటంలో ఏడ్చి ఒకేసారి అన్నీ వదిలేశామనుకున్నవాళ్లకి పొద్దున లేచేసరికి మళ్లీ అంతా మొదటికొస్తుంది. ఆ ఏడుపు అబద్ధమేమీ కాదు, పద్దులు విప్పి చూసుకోలేదంతే.

కోపం మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడు లోపల కోర్టు పెట్టకండి. ఆయన ఇలా అంటే నేను ఇలా అనాల్సింది అని స్నానం చేస్తూ అరగంట వాదించుకోవడం అందరికీ అలవాటే. అలా మొదలవగానే ఆ పద్దు దగ్గర చెప్పిన వాక్యాన్నే మళ్లీ చెప్పి పనిలో పడండి. రోజుకి పదిసార్లు వస్తే పదిసార్లు చెప్పండి. మూడో వరసలో ఉన్నవి మళ్లీ చేయనంతవరకు మీరు క్షమించినట్టే. ఆయన కోసం లూకా 6:28 చెప్పినట్టు ప్రార్థించేటప్పుడు మీకోసం మీరు అడిగేదే ఆయనకీ అడగండి: ఆరోగ్యం, పని, పిల్లల క్షేమం. "ఆయనకి బుద్ధి చెప్పు ప్రభువా" అన్నది దేవుని దగ్గర పెట్టిన ఫిర్యాదు. అది ఆశీర్వాదంలో జమ కాదు.

ఇక మునుపటిలా ఉండాలా అన్నది. దీనికి ఆదికాండము 42 నుంచి 45 వరకు నిదానంగా చదవండి, అందరూ చివరి కౌగిలింత దగ్గరకి దూకేస్తారు. అన్నలు యోసేపుని గోతిలో పడేసి, తర్వాత బానిసగా అమ్మేసినప్పుడు అతనికి 17 ఏళ్లు, ధర 20 తులాల వెండి. అన్నలు ధాన్యం కోసం ఐగుప్తు వచ్చేసరికి అతను అధికారి. వాళ్లని గుర్తుపట్టాడు, చెప్పలేదు. మధ్యలో దుబాసీ ఉన్నాడు కాబట్టి అతనికి తమ భాష అర్థం కాదనుకుని వాళ్లు అతని ముందే మాట్లాడుకున్నారు: తమ్ముడు బతిమాలుకుంటుంటే చూసి కూడా వినలేదు, అందుకే మనకి ఈ కష్టం అని. యోసేపు పక్కకి వెళ్లి ఏడ్చాడు, తిరిగొచ్చాడు. అయినా ఆ రోజు కూడా చెప్పలేదు. వాళ్లలో ఒకడైన షిమ్యోనుని బంధించి ఉంచుకుని, గోతాల్లో ధాన్యం నింపి, వాళ్ల రూకలు అందులోనే పెట్టించి, దారి బత్తెం ఇచ్చి పంపాడు. గమనించండి, తిండి ఆపలేదు. మారితేనే ధాన్యం అనలేదు. నమ్మకం మాత్రం వెంటనే ఇవ్వలేదు.

రెండోసారి వచ్చినప్పుడు అందరికంటే చిన్న తమ్ముడు బెన్యామీను గోతంలో వెండి గిన్నె పెట్టించాడు. ఎందుకో చూడండి. తండ్రికి ముద్దుల కొడుకు, అతన్ని ఐగుప్తులో బానిసగా వదిలేసి మిగతావాళ్లు హాయిగా ఇంటికి వెళ్లిపోయే అవకాశం. 22 ఏళ్ల కిందటి పరిస్థితినే మళ్లీ వాళ్ల ముందు పెట్టాడు. "గిన్నె దొరికినవాడు ఉంటే చాలు, మీరు వెళ్లండి" అని తానే అన్నాడు. అప్పుడు ముందుకొచ్చింది యూదా, అంటే యోసేపుని అమ్మేద్దామని సలహా ఇచ్చినవాడే. చిన్నవాడి బదులు నన్ను దాసుడిగా ఉంచుకో అన్నాడు. అప్పుడు యోసేపు ఇక ఆగలేకపోయాడు. మొదట చేసిన పని, ఐగుప్తీయులందరినీ బయటికి పంపేయడం. తర్వాత చెప్పాడు, మీరు అమ్మేసిన యోసేపుని నేనే అని. చేసిన పని పేరు పెట్టి చెప్పాడు, పరాయివాళ్లు వినకుండా చెప్పాడు.

మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. గొడవపడ్డ ఇద్దరినీ ఆరాధన మధ్యలో ముందుకి పిలిచి, చేతులు కలిపించి, ఒక పాట పాడించి సమాధానం అయిపోయిందంటారు. ఏం జరిగిందో ఎవరూ అడగరు, డబ్బు ఊసే రాదు. తప్పు చేసినవాడు ఆ రోజే ఊపిరి పీల్చుకుంటాడు, నష్టపోయినవాడు ఇక నోరెత్తకూడదు. మత్తయి 18:15 మొదటి మెట్టుగా చెప్పింది మీరూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడమని. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లాలి. సంఘం ముందుకి రావడం మూడో మెట్టు.

ఇంకో గందరగోళం కూడా ఉంది. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి వెళ్లు అన్న మత్తయి 5:23-24ని నష్టపోయినవాళ్ల మీద ప్రయోగిస్తారు. ఆ మాట ఎవరికి? తన మీద సహోదరుడికి ఫిర్యాదు ఉందని గుర్తొచ్చినవాడికి, అంటే బాకీ ఉన్నవాడికి. ఫిర్యాదు మీకే ఉంటే మార్కు 11:25 చూడండి: నిలబడి ప్రార్థన చేస్తున్నచోటే క్షమించమంటోంది. ఎక్కడికీ వెళ్లమనలేదు.

ప్రభువు బల్ల సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. 1 కొరింథీ 11:28 తనను తాను పరీక్షించుకుని ఆ రొట్టె తినమంటోంది, పరీక్షించుకుని మానేయమని అనట్లేదు. మూడో వరస దేవుని ముందు ఒప్పుకుని వెళ్లండి. కోపం పూర్తిగా చల్లారేదాకా ఆగుతానంటే ఏళ్లు గడిచిపోతాయి.

డబ్బు విషయంలో ఒక నిర్ణయం తప్పనిసరి. పగ వదిలేయడం, డబ్బు వదిలేయడం రెండూ ఒకటి కాదు. డబ్బు తిరిగి కావాలనుకుంటే ఎంతో, ఎప్పటిలోగానో రాసి అడగండి, అందులో పాపమేమీ లేదు. సంఖ్యాకాండము 5:7 అసలుతోపాటు అయిదో వంతు కలిపి ఇమ్మంది, పన్ను వసూలుదారు జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. అక్కడ పశ్చాత్తాపానికి అంకె ఉంది. ఆయన వాయిదాల్లో ఇస్తానంటే చిన్న మొత్తంతో మొదలుపెట్టి, మూడు నాలుగు వాయిదాలు సమయానికి వచ్చాక నమ్మకం సంగతి ఆలోచించండి. వదిలేయాలనుకుంటే ఒక్కసారి స్పష్టంగా చెప్పి మళ్లీ ఆ ఊసెత్తకండి. "ఇస్తే ఇవ్వు, లేకపోతే లేదు" అని పెద్దమనసు చూపించి, ప్రతి పండక్కీ గుర్తుచేసేవాళ్లతోనే ప్రమాదం.

ఆయనలో మార్పేమీ లేకపోతే దూరంగా ఉండటం తప్పు కాదు. 1 సమూయేలు 26లో దావీదు, తనను చంపడానికి వెంటాడుతున్న రాజు సౌలు నిద్రపోతుంటే అతని తల దగ్గర నుంచి ఈటె తీసుకెళ్లాడు, చంపలేదు. అవతలి కొండ మీద చాలా ఎడంగా నిలబడి పిలిచాడు. సౌలు తప్పు ఒప్పుకుని తిరిగి రమ్మన్నాడు. దావీదు ఈటె తీసుకెళ్లడానికి ఒక పనివాణ్ని పంపమన్నాడు గాని తాను వెళ్లలేదు. 2 తిమోతి 4లో పౌలు తనను విడిచిపెట్టినవాళ్ల మీద అది నేరంగా ఎంచవద్దని కోరుకున్నాడు. దానికి ముందు వచనంలోనే, తనకి చాలా కీడు చేసిన అలెక్సంద్రు విషయంలో జాగ్రత్త అని తిమోతిని హెచ్చరించాడు. ఇక ఇంట్లో కొట్టడం, బెదిరించడం లాంటివి ఉంటే ముందు సురక్షితమైన చోటికి వెళ్లాలి, పోలీసులకి చెప్పాలి. క్షమించి వెనక్కి వెళ్లమని ఒత్తిడి చేసే హక్కు ఏ కాపరికీ లేదు.

చివరగా కృతజ్ఞత. మోసానికి థాంక్స్ చెప్పమని ఎక్కడా లేదు. 1 థెస్సలొనీకయ 5:18 ఏ పరిస్థితిలో ఉన్నా కృతజ్ఞత చెల్లించమంటోంది. "మీరు కీడు ఉద్దేశించారు, దేవుడు మేలుకి ఉద్దేశించాడు" అన్న మాట యోసేపు తన నోటితో అన్నది తండ్రి చనిపోయాక, అమ్మేసిన 39 ఏళ్లకి. గోతిలో ఉన్న 17 ఏళ్ల కుర్రాడికి ఆ మాట ఎవరూ పైనుంచి వినిపించలేదు. మీకు ఇప్పుడే వినిపిస్తున్నవాళ్లకి నవ్వి ఊరుకోండి.

ఈలోగా చేయగలిగింది ఒకటుంది. ఈ గొడవలో మీ పక్కన నిలబడ్డవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. తనకి సాయం పంపిన ఫిలిప్పీ సంఘానికి పౌలు ఫిలిప్పీ 4లో కృతజ్ఞత ఎలా చెప్పాడో చూడండి: నేను థెస్సలొనీకలో ఉన్నప్పుడు కూడా మీరు ఒకటి రెండుసార్లు పంపారు, ఈసారి ఎపఫ్రొదితు చేత పంపినవి అందాయి అని లెక్కతో సహా రాశాడు. మీరూ అలాగే ఎప్పుడు, ఏం చేశారు, దానివల్ల మీకేం ఒరిగింది అని నాలుగైదు వాక్యాలు రాసి పంపండి. అందులో మోసం చేసినాయన పేరు మాత్రం రానివ్వకండి.