సిటీ బస్సు రూటును కత్తిరిస్తే ఛార్జీ పెంచినట్టే

ప్రశ్న: హైదరాబాద్‌లో మా కాలనీ నుంచి నేరుగా వెళ్లే బస్సును ఇప్పుడు సగం దారిలోనే ఆపేస్తున్నారు. మిగతా సగానికి ఇంకో బస్సు ఎక్కాలి. దానికి తోడు ఛార్జీలు పెరిగాయి. ఇలాంటి మార్పులు ఇంత అడ్డదిడ్డంగా ఎందుకు జరుగుతాయి? మనం చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు:

మీరు రూటు ఒక సమస్య, ఛార్జీ ఇంకో సమస్య అన్నట్టు రాశారు. నా అనుభవంలో ఈ రెండూ ఒకటే. రూటును రెండు ముక్కలు చేసిన రోజే మీ ఛార్జీ పెరిగింది. దానికి ఏ ప్రకటనా అక్కర్లేదు.

లెక్క వేసి చూడండి. 2025 అక్టోబర్ 6 నుంచి హైదరాబాద్ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీల (ఛార్జీ లెక్క కోసం రూటును విడగొట్టిన భాగాలు) వరకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనంగా తీసుకుంటున్నారు. పది స్టేజీలు ఒకే బస్సులో వెళ్లే మనిషికి పెరిగింది 10 రూపాయలు. అదే దూరం ఐదు స్టేజీలు ఒక బస్సులో, ఐదు స్టేజీలు ఇంకో బస్సులో వెళ్తే పెరిగింది 20 రూపాయలు. రానూపోనూ 40. నెలకు 25 రోజులు పనికి వెళ్తే వెయ్యి రూపాయలు. అందులో ఐదు వందలు కేవలం రూటు తెగినందుకు పడిన భారం. ఇది పెంపు వరకే. అసలు టికెట్‌లో ఉండే కనీస ఛార్జీ కూడా రెండుసార్లు కట్టాలి కదా, అది వేరే.

2022లో డీజిల్ సెస్ వేసినప్పుడూ ఇదే జరిగింది. టికెట్‌కు ఇంత అని విధించే రుసుము ఏదైనా, రెండు టికెట్లు కొనేవాళ్ల మీద రెండుసార్లు పడుతుంది. రూట్లు మార్చేవాళ్లు ఒక గదిలో, ఛార్జీలు నిర్ణయించేవాళ్లు ఇంకో గదిలో కూర్చుంటే ఈ లెక్క ఎవరి కంటా పడదు. ప్రయాణికుడి జేబులో మాత్రం రెండూ కలిసే తగులుతాయి.

నేను ఉండేది ఈసీఐఎల్ దాటాక వచ్చే ఒక కాలనీలో. చాలా ఏళ్లు కోఠిలో ఒక మందుల ఏజెన్సీలో బిల్లింగ్ పని చేశాను. పొద్దున మా కాలనీ చివర ఎక్కితే నేరుగా కోఠిలో దిగేవాణ్ణి. ఒక సోమవారం వచ్చిన బస్సుకు బోర్డు మారిపోయింది. సికింద్రాబాద్ వరకేనని కండక్టర్ అంటే జనం ఆయన మీద పడ్డారు. పాపం ఆయనకు కూడా ఆ పొద్దున డ్యూటీకి వచ్చాకే తెలిసిందట. బస్టాప్‌లో ఒక్క కాగితం కూడా అంటించలేదు.

సికింద్రాబాద్‌లో బస్సు మారడం అంటే తెలిసినవాళ్లకు తెలుసు. స్టేషన్ చుట్టూ ఒక్కో దిక్కుకు వెళ్లే బస్సు ఒక్కో చోట ఆగుతుంది. రేతిఫైల్ దగ్గర కొన్ని, చిలకలగూడ వైపు కొన్ని, గురుద్వారా వైపు కొన్ని. ఒక చోట దిగి, ట్రాఫిక్‌లో రోడ్డు దాటి, జనాన్ని తోసుకుంటూ ఇంకో చోటికి నడవాలి. నాలాంటివాడు ఎలాగో నడిచేస్తాడు. మా బస్సులో అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆసుపత్రికి షుగర్, బీపీ మందుల కోసం వెళ్లే పెద్దవాళ్లు ఉండేవారు. కోఠిలో చెవి-ముక్కు-గొంతు ఆసుపత్రికి పిల్లల్ని తీసుకెళ్లే తల్లులు ఉండేవారు. వాళ్లకు ఆ మార్పిడి ఎంత నరకమో మ్యాప్ మీద గీతలు గీసినవాళ్లకు కనిపించదు. ఇప్పటికీ నాకు ఎక్కువ కోపం వచ్చేది ఆ విషయం మీదే.

తర్వాత ఏం జరిగిందో కూడా చెప్తాను, ఎందుకంటే అసలు లోపం అక్కడే ఉంది. కుర్రాళ్లు ఈఎంఐ మీద బైకులు తీసుకున్నారు. కొందరు షేర్ ఆటోలకు మారారు. కొందరు ఆసుపత్రికి వెళ్లడమే తగ్గించుకున్నారు. కొన్నాళ్లకు ఆ సగం రూటులో కూడా బస్సు ఖాళీగా తిరగడం మొదలైంది. ఆక్యుపెన్సీ (సీట్లు నిండే శాతం) తక్కువగా ఉందని మధ్యాహ్నం ట్రిప్పులు తీసేశారు. కాగితం మీద చూస్తే ఆ నిర్ణయం సబబుగానే ఉంటుంది. బస్సు ఎందుకు ఖాళీ అయిందన్న సంగతి మాత్రం ఆ కాగితంలో ఉండదు.

కండక్టర్ చేతిలోని టికెట్ మెషీన్‌లో ఎవరు ఏ స్టేజీలో ఎక్కి ఏ స్టేజీ వరకు టికెట్ తీసుకున్నారో నమోదవుతుంది. ఉచిత ప్రయాణానికి మహిళలకిచ్చే జీరో టికెట్‌లోనూ ఆ వివరం ఉంటుంది. మంచి సమాచారమే. కానీ అందులో ఎక్కినవాళ్లే ఉంటారు. బస్సు ఆపకుండా పోతే స్టాప్‌లో మిగిలిపోయినవాళ్లు ఉండరు. విసిగిపోయి ఆటో ఎక్కినవాళ్లు ఉండరు. రెండు బస్సులు మారి వెళ్లిన మనిషి ఒక్కడుగా కాక ఇద్దరు ప్రయాణికులుగా కనిపిస్తాడు. అంటే రూటు తెంచాక ప్రయాణికులు పెరిగినట్టు కూడా లెక్క తేలొచ్చు!

రాత్రి చివరి ట్రిప్పు సంగతీ ఇంతే. అందులో పది మంది కూడా లేరని రద్దు చేస్తారు. ఆ బస్సు ఉందన్న ధైర్యంతోనే సాయంత్రం ఇంకొందరు బస్సులో బయటికి వెళ్తారు. రాత్రి షాపు మూసేసరికి ఆలస్యమయ్యేవాడు తిరుగు బస్సు లేదని తెలిస్తే పొద్దున కూడా బస్సు ఎక్కడు, బండి తీస్తాడు. రాత్రి ట్రిప్పు తీసేస్తే పొద్దున ట్రిప్పులో జనం తగ్గుతారు.

“ఆడవాళ్లకు ఉచితమే కదా, రూటు ఎలా మారితే వాళ్లకేం నష్టం” అని ఈ మధ్య తరచూ వింటున్నాను. ఈ మాట నాకు అస్సలు నచ్చదు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక మా వైపు ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు ఎంత ఊరట వచ్చిందో కళ్లారా చూశాను. అయితే వాళ్లకు టికెట్ కన్నా సమయం ఖరీదు. నాలుగిళ్లలో పనిచేసే మనిషి మారే చోట అరగంట నిలబడితే ఒక ఇంటి పని పోతుంది. ఇంకోటి, ఆ ఉచితం ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో చెల్లుతుంది, మెట్రో డీలక్స్‌లో చెల్లదు. ఒక రూట్లో ఆర్డినరీలు తగ్గించి డీలక్స్‌లు వేస్తే బస్సుల సంఖ్య అంతే ఉన్నట్టు కనిపిస్తుంది, ఆమె ఎక్కగలిగే బస్సులు మాత్రం తగ్గిపోతాయి. అది కూడా ఛార్జీ మార్పే.

పాస్ తీసుకుంటే రెండు టికెట్ల బాధ ఉండదన్నది నిజమే. నెల జీతం వచ్చేవాళ్లు తప్పకుండా తీసుకోండి. కానీ 2025 జూన్‌లో ఆర్డినరీ పాస్ 1,150 నుంచి 1,400 రూపాయలకు, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాస్ 1,300 నుంచి 1,600కు పెరిగాయి. అడ్డా మీద రోజు కూలికి వెళ్లేవాడు అంత డబ్బు ఒకేసారి ఎక్కడ తెస్తాడు? రేపు పని దొరుకుతుందో లేదో తెలియనివాడు నెల మొత్తానికి ముందే ఎలా కడతాడు?

బస్సులు నడిపేవాళ్ల ఇబ్బందులూ చెప్పాలి. 2019లో ఆర్టీసీ కార్మికుల సమ్మె ముగిశాక ఛార్జీలు కిలోమీటరుకు 20 పైసలు పెరిగాయి, నగరంలో వందల బస్సులు తగ్గాయి. 2020లో కరోనా వల్ల మార్చి నుంచి సెప్టెంబర్ దాకా సిటీ బస్సులే తిరగలేదు. ఆ తర్వాత ఉచిత ప్రయాణంతో ఎక్కేవాళ్లు పెరిగారు. పొడవైన రూటులో బస్సు రెండు మూడు చోట్ల ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే చివరికి మూడు బస్సులు ఒకేసారి వస్తాయి, తర్వాత గంట దాకా ఒక్కటీ రాదు. దాన్ని సరిచేయడానికి రూటును పొట్టి చేయడం ప్లానింగ్‌లో ఒప్పుకున్న పద్ధతే. ఆ ఆలోచనను నేను తప్పుపట్టను. బస్సు మారే చోటు ఒక్కటే ఉండాలి, రెండో బస్సు పది నిమిషాల్లో రావాలి, టికెట్ ఒక్కటే సరిపోవాలి. ఈ మూడూ సిద్ధం చేశాకే కత్తెర పట్టాలి. మా రూటులో ఒక్కటీ చేయలేదు.

టికెట్ ఒక్కటి చేస్తే చాలనుకున్నా పొరపాటే. చిలీ రాజధాని సాంటియాగోలో 2007 ఫిబ్రవరి 10న నగరం మొత్తం బస్సు రూట్లను ఒక్క రోజులో మార్చేశారు. ట్రాన్సాంటియాగో అని దాని పేరు. నేరుగా వెళ్లే రూట్లు తీసేసి కాలనీల నుంచి చిన్న బస్సులు, పెద్ద రోడ్ల మీద పొడవాటి బస్సులు పెట్టారు. ఒక కార్డు ఉంటే మారినందుకు మళ్లీ పూర్తి ఛార్జీ కట్టక్కర్లేదు. అయినా నగరం అతలాకుతలమైంది. అనుకున్నన్ని బస్సులు రోడ్డెక్కలేదు. జనమంతా మెట్రో రైలు మీద పడ్డారు. ఫిబ్రవరి అక్కడ వేసవి సెలవుల నెల, మార్చిలో బడులు, ఆఫీసులు పూర్తిగా తెరిచాక అసలు నరకం మొదలైంది. చివరికి అధ్యక్షురాలు మిషెల్ బాచెలెట్ ప్రజలకు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ఏ మార్పు చేసినా ముందు ఒక ప్రాంతంలో నడిపి, చూసి, తర్వాత మిగతా చోట్లకు తీసుకెళ్లాలని నేను గట్టిగా అనేది అందుకే.

ఇక మీరేం చేయొచ్చు. మా కాలనీవాళ్లం మొదట “మా బస్సు మాకు కావాలి” అని సంతకాలు పెట్టి ఇచ్చాం. ఫలితం లేదు. తర్వాత ఒక రిటైర్డ్ డ్రైవర్ మాకు డిపో పని తీరు వివరించారు. డిపోలో ప్రతి బస్సుకూ ఒక షెడ్యూల్ ఉంటుంది. ఆ డ్రైవర్, కండక్టర్ డ్యూటీ గంటల్లో ఎన్ని ట్రిప్పులు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది అందులో కట్టేసి ఉంటుంది. కొత్త బస్సు అడిగితే డిపో మేనేజర్ చేతిలో ఏమీ ఉండదు. ఉన్న షెడ్యూల్‌లోనే ఒక ట్రిప్పును పొడిగించమనో, పావుగంట ముందుకు జరపమనో అడిగితే ఆయన పరిశీలించగలరు.

అందుకని మళ్లీ ఒక పేజీ రాశాం. పొద్దున ఆఫీసు వేళ ఏ స్టాప్‌లో సుమారు ఎంతమంది నిలబడుతున్నారు, వాళ్లు ఎక్కడికి వెళ్లాలి, మారాల్సి రావడం వల్ల ఒక్కొక్కరికి ఎంత ఖర్చు, ఎంత సమయం పెరిగింది అని స్టేజీల పేర్లతో సహా రాశాం. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు కోఠి దాకా పొడిగించండి చాలు అన్నాం. కొన్ని వారాలకు పొద్దున ట్రిప్పు వచ్చింది. సాయంత్రంది ఇంకా రాలేదు, అడుగుతూనే ఉన్నాం.

మీరు రాసేటప్పుడు రూటు నంబర్, తేదీ, టైము తప్పకుండా వేయండి. రెండు బస్సుల టికెట్లూ దాచి జిరాక్స్ జత చేయండి. పాత రోజుల్లోని ఒకే బస్సు టికెట్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇంకా మంచిది, తేడా వాటిమీదే కనిపిస్తుంది. డిపోలు అప్పుడప్పుడు ‘డయల్ యువర్ డీఎం’ (డీఎం అంటే డిపో మేనేజర్) అని ఫోన్‌లో ఫిర్యాదులు వింటాయి, ఆ రోజు ఒకరు కాకుండా నలుగురు విడివిడిగా ఫోన్ చేయండి. కార్పొరేటర్‌కు, ఎమ్మెల్యేకు ఒక్కో కాపీ ఇవ్వండి. కండక్టర్‌తో మాత్రం గొడవ పడకండి. ఏ స్టాప్‌లో ఎంతమంది మిగిలిపోతున్నారో ఆయనకే బాగా తెలుసు, అడిగితే చెప్తారు కూడా.