మనోవర్తి బకాయి ఏడాది దాటనివ్వకండి

అమ్మా, ఫ్యామిలీ కోర్టు మీకు నెలకు 8 వేలు మనోవర్తి ఇవ్వమందని, తొమ్మిది నెలలుగా రూపాయి కూడా రాలేదని రాశారు. ఇంకో ఆర్నెల్లు ఆగి మొత్తం ఒకేసారి అడిగితే సరిపోతుందా అన్నారు. దయచేసి ఆగవద్దు. అలా ఆగే నేను నష్టపోయాను.

నాకు నెలకు 6 వేలు ఆర్డరైంది. మా ఆయన రెండు నెలలు ఇచ్చి మానేశాడు. మాటిమాటికీ కోర్టు చుట్టూ తిరగడం ఎందుకు, కాస్త పోగయ్యాక వేద్దామన్నారు అప్పటి లాయర్ గారు. చంటిపాపతో, కుట్టుమిషన్ పనితో సతమతమవుతూ నేనూ సరేనన్నాను. చివరికి పదహారు నెలల బకాయికి పిటిషన్ వేస్తే పన్నెండు నెలల డబ్బుకే వారంట్ (బకాయి వసూలు చేయమనే కోర్టు ఆదేశం) ఇచ్చారు. ఏ నెల డబ్బయినా, ఇవ్వాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు అడిగితేనే వారంట్ ఇస్తారు. పాత చట్టం సీఆర్‌పీసీలో ఇది సెక్షన్ 125(3), 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 144(3). గడువు దాటినంత మాత్రాన ఆ డబ్బు మీద హక్కు పోదు, సివిల్ పద్ధతిలో రాబట్టుకోవచ్చు. కానీ ఆ 24 వేల కోసం మళ్లీ మొదటి నుంచి తిరిగే ఓపిక నాకు లేకపోయింది.

ఒకసారి గడువులోపు పిటిషన్ వేస్తే, అది నడుస్తుండగా పడే బకాయిలను అందులోనే కలిపి అడగవచ్చు. 2005లో శాంత కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. ఈ సంగతి ముందే తెలిసుంటే మూడో నెలలోనే వేసేదాన్ని.

'జైలుకెళ్లొస్తే బాకీ చెల్లు' అని ఆయన తరఫువాళ్లు నన్ను బాగా టెన్షన్ పెట్టారు. అది అబద్ధం. వారంట్ తర్వాతా కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు వేయవచ్చు గానీ, బాకీ అలాగే ఉంటుంది. 1989లో కుల్దీప్ కౌర్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. మా కేసులో పోలీసులు వారంట్ పట్టుకుని ఇంటికి వెళ్లిన రోజే డబ్బు కట్టాడు.

మీ ఆయన ఊరు మారినా భయం లేదు, ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేట్ ద్వారా ఆర్డర్ అమలు చేయించవచ్చు. ఆర్డర్ కాపీ మీకు ఉచితంగానే ఇవ్వాలి. లాయర్ ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ను పెడతారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. బ్యాంకు పాస్‌బుక్ ఎంట్రీలు వేయించి, ఏయే నెలలు రాలేదో కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

మీకు తొమ్మిది నెలలే అయ్యాయి, ఒక్క నెల డబ్బు కూడా ఇంకా గడువు దాటలేదు. ఈ వారంలోనే వేయించండమ్మా.