బంపరు కంటే ముందు బ్రాకెట్టు

ప్రశ్న: నాది పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి. రాళ్ల దారుల్లో తిప్పీ తిప్పీ ముందు ప్లాస్టిక్ బంపరు రెండు ముక్కలైంది. ఇంట్లో చిన్న ఆర్క్ వెల్డింగు మిషనూ, గ్రైండరూ ఉన్నాయి. 8 మి.మీ. ప్లేటు తెచ్చి సొంతంగా స్టీలు బంపరు చేసి, ఛాసిస్ (బండి అడుగు చట్రం) కొసలకే వెల్డు కొట్టేద్దామనుకుంటున్నాను. లాగడానికి మధ్యలో ఒక కొక్కెం పెడతాను. ఏమంటారు?

జవాబు: బంపరు చేసుకోండి. మీరు రాసిన ఆ మూడు పనులు మాత్రం చెయ్యకండి.

8 మి.మీ. సంగతి చూద్దాం. స్టీలు ఒక చదరపు మీటరు, ఒక మి.మీ. మందానికి 7.85 కిలోలు తూగుతుంది. మీటరున్నర వెడల్పు బంపరుకి ముఖం, పైభాగం, కిందిభాగం కలిపితే ఇంచుమించు 0.9 చదరపు మీటరు పడుతుంది. అంటే 8 మి.మీ. ప్లేటుతో 56 కిలోలు, అదీ బ్రాకెట్లూ, వించీ (తాడు చుట్టి బండిని లాగే యంత్రం) లేకుండా. పైగా అది ముందు ఇరుసుకి బయట వేలాడే బరువు. చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు, బంపరు ఇరుసుకి 0.8 మీటరు ముందు ఉందనుకోండి. ముందు చక్రాల మీద పెరిగేది 56 కాదు, 75 కిలోలు. ఆ తేడా 19 కిలోలు వెనక చక్రాల మీంచి తగ్గిపోతుంది. నా మొదటి బంపరు ఇలాగే చేశాను. బిగించిన మర్నాడే బండి ముక్కు వంచుకుని కూచుంది, స్ప్రింగులు మార్చేదాకా లేవలేదు.

4 మి.మీ. చాలు. బలం మందంలో కంటే మడతలో ఎక్కువ ఉంటుంది. బల్లపరుపు పలకని పట్టుకుంటే వంగుతుంది, దాన్నే పెట్టెలా మడిస్తే వంగదు. మడత మిషను లేదని వెనకాడొద్దు. మడవాల్సిన గీత వెంట లోపలి వైపు గ్రైండరుతో ప్లేటు మందంలో సగానికి కాస్త ఎక్కువ లోతు గాడి తియ్యండి. చేత్తో వంచితే గీత మీదే వంగుతుంది. తర్వాత ఆ గాడిని వెల్డుతో నింపెయ్యాలి. అయితే ప్లేటు కొయ్యకముందు మొత్తం బంపరుని అట్టముక్కలతో చేసి బండికి టేపుతో అంటించి చూసుకోండి. చక్రం పూర్తిగా తిప్పినప్పుడు టైరు తగులుతోందా, రేడియేటరుకి గాలి ఆడుతోందా, కింద అంచు మరీ దిగి గట్టు ఎక్కేటప్పుడు నేలకి కొడుతుందా అన్నీ అట్ట దగ్గరే తేలిపోతాయి. తప్పయితే కత్తెర చాలు.

ఇక ఛాసిస్‌కి నేరుగా వెల్డు కొట్టడం. రేపు బంపరు వంకరపోతే దాంతోపాటు ఛాసిసూ కొయ్యాలి. అందుకే పని బ్రాకెట్లతో మొదలవ్వాలి. 10 మి.మీ. ప్లేటుతో రెండు బ్రాకెట్లు చేసి, ఒక్కోదాన్ని కనీసం నాలుగు బోల్టులతో ఛాసిస్‌కి బిగించండి. 12 మి.మీ. బోల్టులు, తల మీద 8.8 అని (అది బలం గుర్తు) చెక్కి ఉన్నవే తీసుకోండి. మీ ఛాసిస్ డబ్బాలాంటిదైతే బోల్టు బిగించే కొద్దీ రెండు గోడలూ లోపలికి నొక్కుకుంటాయి. అలా కాకుండా లోపల బోల్టు పట్టే పైపు ముక్క అడ్డంగా పెట్టాలి. చాలామంది వదిలేసేది ఈ ముక్కనే. తర్వాత బోల్టులు వదులవుతున్నాయని వాషర్లని తిడుతుంటారు.

బ్రాకెట్లు బిగించాక బంపరుని జాకీ మీద లేపి, బాడీకీ దానికీ మధ్య 20 మి.మీ. చెక్కముక్కలు పెట్టండి. బాడీ రబ్బరు మౌంటుల మీద కూచుంటుంది కాబట్టి గతుకుల్లో ఛాసిస్‌తో పాటు కదలదు, దాని దారిన అది ఊగుతుంది. సందు లేకపోతే ఫెండరు (చక్రం మీది రేకు) గీసుకుపోతుంది. అక్కడే బంపరుని బ్రాకెట్లకి ట్యాకులు (పట్టి ఉంచే చుక్క వెల్డులు) వేసి, దించి, పూర్తి వెల్డు నేల మీద వెయ్యండి. బండి మీద ట్యాకు వేసేముందు బ్యాటరీ వైర్లు విప్పండి, ఎర్తు క్లాంపు వెల్డు పక్కనే పెట్టండి.

ఇక్కడ నా రెండో తప్పు చెప్పాలి. మీటరున్నర జాయింటుని ఆ చివర నుంచి ఈ చివరకి ఒకే ఊపులో లాగేశాను. చూడ్డానికి తాడు పేనినట్టు ఎంత బావుందో! చల్లారాక బంపరు విల్లులా వంగింది, బ్రాకెట్టు బెజ్జాలు పది మి.మీ. పక్కకి పోయాయి. ఒక సాయంత్రమంతా ఆకురాయి పట్టుకుని బెజ్జాలు కోలగా రుద్దుతూ కూచున్నాను. వెల్డు చల్లారేటప్పుడు తన వైపు లాక్కుంటుంది. రెండు అంగుళాలు ఇక్కడ, రెండు అంగుళాలు అవతలి కొసన, మళ్లీ మధ్యలో, ఇలా దూరదూరంగా వేసుకుంటూ రండి.

కొక్కెం మధ్యలో వద్దు. ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు పడే బరువు 4 మి.మీ. ముఖం మొయ్యలేదు. ఊడిన కొక్కెం తాడుతోపాటు ఎగిరొచ్చి అద్దం పగలగొట్టి లోపలికి దూసుకొస్తుంది. రెండు బ్రాకెట్లకీ ఎదురుగా బంపరు ముఖానికి చీలిక కోసి, 20 మి.మీ. మందం చెవుల్ని (లాగడానికి బెజ్జం ఉన్న ప్లేటు ముక్కల్ని) అందులోంచి వెనక్కి తోసి, బ్రాకెట్టుకే రెండు వైపులా వెల్డు చెయ్యండి. అంచులు వాలుగా గ్రైండు చేసుకున్నాకే వెల్డు. 4.75 టన్నుల షాకిల్‌కి (చెవికి తాడు తగిలించే U ఆకారపు కొలికి) 22 మి.మీ. పిన్ను ఉంటుంది, 25 మి.మీ. బెజ్జం సరిపోతుంది. బెజ్జం చుట్టూ కనీసం బెజ్జమంత వెడల్పు ఇనుము మిగలాలి. ఈ వెల్డు మాత్రం మీ చిన్న మిషనుతో వద్దు. పెద్ద మిషనున్న అనుభవస్తుడి చేత చేయించండి. ఇందులో నామోషీ ఏమీ లేదు, నా చెవులూ అలాగే చేయించాను.

బండిలో ఎయిర్‌బ్యాగులుంటే ఈ ఉత్తరం చించెయ్యండి. వాటికి ముందుభాగం నలిగే తీరు ముఖ్యం, దాన్ని మార్చకూడదు. లేకపోయినా, ఇలాంటి బంపరుకి మీ దగ్గర చట్టం ఒప్పుకుంటుందో లేదో ప్లేటు కొనకముందే కనుక్కోండి. మనిషికి తగిలితే స్టీలు నలగదు కదా.

ప్రశ్న: బంపరు పైన వంపు కమ్మీ కోసం నీళ్ల జీఐ పైపు వాడొచ్చా? ఇంట్లో మిగిలింది ఉంది.

జవాబు: మిగిలింది కదా అని వాడొద్దు. పైన జింకు పూత ఉంటుంది. వెల్డు వేడికి తెల్లని పొగ లేస్తుంది, పీల్చినవాడికి కొన్ని గంటల తర్వాత చలిజ్వరం పట్టుకుంటుంది. బయటి పూత రుద్దేయొచ్చు, లోపలి పూత ఎలా తీస్తారు? మామూలు నల్ల పైపు తెచ్చుకోండి.

ప్రశ్న: నిరుడు చేసిన బంపరు బయట మెరుస్తోంది, కింది మూలల్లో తుప్పు కారుతోంది. ఎందుకు?

జవాబు: లోపల నీళ్లు నిలిచి ఉంటాయి. కింద అన్నిటికన్నా పల్లంగా ఉన్నచోట 10 మి.మీ. బెజ్జాలు రెండు మూడు వేసి చూడండి, బురదనీళ్లు కారితే దొరికినట్టే. లోపల పూర్తిగా ఆరాక ఆ బెజ్జాల్లోంచే సన్న గొట్టంతో వ్యాక్స్ స్ప్రే కొట్టండి. బెజ్జాలు మాత్రం పూడ్చకండి.