మేకపోతులూ, మెహికో జిందాబాదూ

ప్రశ్న: అక్కా, మేముండేది డల్లాస్ దగ్గర. మా పదేళ్లవాడికి స్కూల్లో ఒక మెక్సికన్ స్నేహితుడున్నాడు. వాళ్లింట్లో ఫుట్‌బాల్ మ్యాచ్ చూసొచ్చిన రోజు నుంచీ మావాడు ఇంటి పైకప్పు లేచిపోయేలా ‘వివా మెహికో, కబ్రోనెస్!’ అని అరుస్తున్నాడు. ‘జై మెక్సికో’ లాంటిదే కదా అని నేనూ మురిసిపోయాను. మొన్న ఆ పిల్లాడి అమ్మమ్మ మా గుమ్మంలోకి వస్తే, మర్యాదగా ఉంటుందని నేనే ముందుగా ఆ మాటతో పలకరించాను. ఆవిడ ఒక్క క్షణం నిర్ఘాంతపోయి, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. మా ఆయన ఫోన్‌లో అర్థం వెతికి, నాకు చూపించకుండా జేబులో పెట్టేసుకున్నారు. ఇంతకీ నేనేమన్నాను? ఒకటే టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు

జవాబు: టెన్షన్ పడకమ్మా. ఆవిడ నవ్విందంటే గండం గడిచినట్టే. నువ్వన్నది మన మాటల్లో చెప్పాలంటే, ‘మెక్సికో జిందాబాద్‌రా, వెధవల్లారా!’ అని.

మొదటి సగంలో ఏ తప్పూ లేదు. ‘వివీర్’ అంటే బతకడం. ‘వివా’ అంటే బతకాలి, వర్ధిల్లాలి. మన పాత పుస్తకాల్లో ‘జీవించుగాక’ అంటారే, ఆ ‘గాక’ అంతా ఈ ఒక్క మాటలో ఉంది. ఒకరికైతే వివా, పదిమందికైతే వివాన్. చిక్కంతా రెండో మాటతోనే. కబ్రోన్ అంటే అసలర్థం పెద్ద మేకపోతు. తిట్టుగా వాడితే చాలా దూరం పోతుంది, ఆ దూరం నేనిక్కడ రాయను, మీ ఆయన ఫోన్‌లో ఉందిగా. కానీ ప్రాణస్నేహితుల మధ్య అదే మాట మన ‘ఒరేయ్’ అంత తేలిక. పని మరీ కష్టంగా ఉంటే ‘ఎస్తా కబ్రోన్’ అంటారు. ఒకే మాటతో వాటేసుకోవచ్చు, తన్నులూ తినొచ్చు. అన్నవాడెవడు, ఏ గొంతుతో అన్నాడన్నదే లెక్క. కాబట్టి గుమ్మంలో అమ్మమ్మగారితో మాత్రం వద్దు.

ఆ ‘వివా’ రుచి నేను చూసింది మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో. మా ఆయన ఐటీ ఉద్యోగం మీద అక్కడ మూడేళ్లున్నాం. మా పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేది. అందరూ ‘దోన్యా’ అని పిలిచేవారు. మన ‘గారు’ లాంటిదే, కాకపోతే పేరుకు ముందొస్తుంది. మొదటి ఏడాది, వాళ్ల స్వాతంత్ర్య దినానికి ముందురోజు, సెప్టెంబరు 15 రాత్రి ఆవిడే నన్ను చెయ్యి పట్టుకుని ప్లాజా దే ఆర్మాస్ అనే చౌక్‌కి లాక్కెళ్లింది. అక్కడ సెప్టెంబరంటే వానాకాలం. సాయంత్రం దంచి కొట్టి వెలిసింది. పిల్లల బుగ్గల మీద వేసిన ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు రంగులు కారి గడ్డాల దగ్గర కలిసిపోయాయి. ఖాళీ గుడ్డు పెంకుల్లో రంగుకాగితం ముక్కలు నింపి అమ్ముతారు, కొనుక్కుని పక్కవాడి నెత్తిన పగలగొట్టడానికి. నా జడలోంచి ఆ ముక్కలు మూడు రోజులు రాలాయి.

పదకొండింటికి గవర్నర్ బాల్కనీలోకి వచ్చాడు. అదే రాత్రి, అదే గంటకి మెక్సికో సిటీలో దేశాధ్యక్షుడు, ప్రతి రాష్ట్రంలో గవర్నరు, ప్రతి ఊళ్లో మేయరు ఇదే పని చేస్తారు. ఒక్కొక్క వీరుడి పేరు పిలవడం, ‘వివా!’ అని జనం అందుకోవడం. వివా ఇదాల్గో! వివా! వివా మొరేలోస్! వివా! చివర్లో మూడుసార్లు వివా మెహికో. ఆ తర్వాత జెండా ఊపడం, జాతీయగీతం, బాణసంచా. మన గుళ్లో ఒకరు పేరెత్తితే అందరం ‘జై’ అంటామే, అచ్చంగా అలాగే. నాకేమీ కొత్తగా అనిపించలేదు. రెండో పేరుకే నా గొంతు కూడా లేచింది.

కొత్తగా అనిపించింది మర్నాడు. అదే గవర్నర్ భవనం మెట్లెక్కుతూ తలెత్తితే, పైకప్పు నిండా మండే కాగడా పట్టుకుని మీద పడబోతున్నట్టు ఒక తెల్లజుట్టు మనిషి. ఓరోస్కో 1937లో వేసిన కుడ్యచిత్రం. ఆ మనిషి మీగెల్ ఇదాల్గో. దొలోరెస్ అనే చిన్న ఊళ్లో చర్చి ఫాదరు. స్పెయిన్ పాలన మీద తిరగబడాలని కొందరితో కలిసి చేస్తున్న కుట్ర బయటపడింది. ఆ సంగతి ముందే పసిగట్టి కబురు పంపింది హోసెఫా ఓర్తీస్ అనే ఆవిడ, ఆవిడ మొగుడు సర్కారు అధికారే! ఇక ఆగితే లాభం లేదని, 1810 సెప్టెంబరు 16 తెల్లవారుజామున ఇదాల్గో చర్చి గంట కొట్టించి జనాన్ని పోగేశాడు. ఆదివారం కదా, ఊళ్లోకి జనం ఎలాగూ వస్తారు. అప్పుడు పెట్టిన కేకనే ‘గ్రీతో’ అంటారు, అంటే అరుపు.

ఇక్కడే తమాషా. ఆ రోజు ఆయన సరిగ్గా ఏ మాటలన్నాడో ఎవరూ రాసిపెట్టలేదు. తర్వాత రాసినవాళ్లు తలోరకంగా రాశారు. గ్వాదలూపే మాత (అక్కడివాళ్లు కొలిచే మేరీమాత) వర్ధిల్లాలి, చెడ్డ ప్రభుత్వం నశించాలి అన్నది ఎక్కువమంది చెప్పేది. నెపోలియన్ చేతిలో బందీగా ఉన్న స్పెయిన్ రాజు ఫెర్నాండోకి కూడా జై కొట్టాడంటారు. ‘వివా మెహికో’ అని మాత్రం అని ఉండకపోవచ్చు. అప్పటికి ఆ దేశం పేరే ‘కొత్త స్పెయిన్’ మరి.

ఇదాల్గో ఈ గ్వాదలహారాలోనే 1810 డిసెంబరులో బానిసత్వం రద్దు చేస్తూ ఆజ్ఞ జారీ చేశాడు. జనవరిలో ఊరి బయట కాల్దెరోన్ వంతెన దగ్గర ఓడిపోయాడు. జులైలో చివావాలో కాల్చి చంపేశారు. ఆయనదీ, మరో ముగ్గురిదీ తలలు నరికి గ్వానహ్వాతోలో ఒక ధాన్యపు గిడ్డంగి నాలుగు మూలలా ఇనప బోనుల్లో వేలాడదీశారు. 1821లో స్వాతంత్ర్యం వచ్చేదాకా, పదేళ్లు, అవి అలాగే ఉన్నాయి. ఆ పేరు పిలిచినప్పుడు దోన్యా ఎందుకంత గట్టిగా అరిచిందో, ఇది తెలిశాక నేనింక అడగలేదు.

అప్పటి గంటని 1896లో అధ్యక్షుడు పొర్ఫీరియో దీయాస్ హయాంలో రాజధానికి తెచ్చి అధ్యక్ష భవనం బాల్కనీ మీద వేలాడదీశారు. పొద్దున జరగాల్సిన కేకని ముందురోజు రాత్రికి జరిపింది కూడా దీయాసేననీ, 15 ఆయన పుట్టినరోజు కాబట్టేననీ అక్కడ ప్రతి టాక్సీవాడూ చెబుతాడు. పుట్టినరోజు నిజమే. కానీ ముందురోజు రాత్రి వేడుక ఆయన కన్నా ముందే ఉంది. పుకారు ఎంత బావుంటే అంతకాలం బతుకుతుంది కదా.

పేర్ల జాబితా కూడా రాతిమీద చెక్కిందేమీ కాదు. 2025లో తొలి మహిళా అధ్యక్షురాలు క్లౌదియా షేన్‌బౌమ్ బాల్కనీలోకి వచ్చి, ఇన్నేళ్లూ మొగుడి ఇంటిపేరుతో ‘హోసెఫా ఓర్తీస్ దే దొమింగేస్’ అని పిలిచినావిడని ‘హోసెఫా ఓర్తీస్ తెయ్యెస్ హిరోన్’ అని పుట్టింటి పేరుతో పిలిచింది. స్వాతంత్ర్య పోరాటంలో ఉన్న లెయోనా వికారియో లాంటి మరికొందరు ఆడవాళ్లకీ, వలస వెళ్లినవాళ్లకీ కూడా జై కొట్టింది. డల్లాస్‌లో ఆ అమ్మమ్మగారు ఆ రాత్రి టీవీ ముందు కూర్చుని ఉంటే, ఆ వివా ఆవిడకి కూడా చెందింది.

మరి ఇంత పవిత్రమైన కేకకి మేకపోతుని ఎందుకు తగిలించారంటావా? కవి ఒక్టావియో పాస్, తర్వాత 1962 నుంచి 68 దాకా ఢిల్లీలో మెక్సికో రాయబారిగా చేసినాయన, 1950లోనే దీనిమీద రాశాడు. ఆయన తీసుకున్నది కబ్రోన్ కన్నా ఘాటైన, తల్లిని పట్టి తిట్టే మాట. పండగ రాత్రి ‘వివా మెహికో’ వెంటే అదీ వస్తుందనీ, అది ఊహల్లోని శత్రువు మీదికి పేల్చిన తుపాకీ లాంటిదనీ అంటాడు. ఆ తల్లి స్పెయిన్ దండయాత్రలో చెరచబడ్డ తల్లి అనీ, ఆ గాయమే అలా బయటికొస్తుందనీ ఆయన వాదన. చదివినప్పుడు నిజమే అనిపించింది. చౌక్‌లో నిలబడితే మాత్రం అంత లోతు కనబడలేదు. వానలో తడిసిన పాతికేళ్ల కుర్రాళ్లు ఒకళ్ల భుజాల మీద ఒకళ్లు చేతులేసుకుని అరుస్తున్నారు, అంతే. బాల్కనీ మీదివాళ్లు తిట్టు లేకుండా అంటారు, కిందివాళ్లు తిట్టుతో అంటారు. నన్నడిగితే కిందివాళ్లదే అసలు కేక. ప్రభుత్వానికి కాదు, తమకి తాము కొట్టుకునే జై.

ఇంకో వాడుక కూడా ఉంది. ఒకరోజు వానకి కరెంటు పోయింది, మోటారు లేక మేడమీద ట్యాంకు ఖాళీ. ఫిర్యాదుకి ఫోన్ చేస్తే గంటసేపు సంగీతం వినిపించి పెట్టేశారు. చీకట్లో మెట్లమీద కొవ్వొత్తితో దిగుతూ దోన్యా నిట్టూర్చి, అరవకుండా, చాలా నెమ్మదిగా అంది: ‘వివా మెహికో.’ మూడేళ్లలో నేను విన్నవాటిలో నాకు బాగా అర్థమైన వివా అదే.

మళ్లీ ఆ అమ్మమ్మగారు వస్తే ‘బ్వేనాస్ తార్దెస్, దోన్యా’ అను. అంటే శుభ సాయంత్రం. పండగకి పిలిస్తే తప్పకుండా వెళ్లు. పొసోలే అనే మొక్కజొన్న పులుసు పెడతారు, మా గ్వాదలహారా ఉన్న హలీస్కో రాష్ట్రంలో ఎర్రగా చేస్తారు. అందులో పంది మాంసం ఉంటుంది, మీరు తినకపోతే ముందే చెప్పు. మొహమాటపడితే రెండో గిన్నె కూడా వచ్చేస్తుంది.

ప్రశ్న: స్పెల్లింగులో ఎక్స్ ఉంది, మెక్సికో అని చదువుకున్నాం. ఈ ‘మెహికో’ ఎక్కణ్ణుంచొచ్చింది? — విజయవాడ నుంచి

జవాబు: ఇప్పటి స్పానిష్‌లో ‘మెహికో’నే కరెక్టు. మొదటి ఉచ్చారణ మాత్రం ‘మెషికో’కి దగ్గర. అక్కడి మెషీకా జనం పేరు మీద వచ్చింది. స్పెయిన్‌వాళ్లు వచ్చినప్పుడు వాళ్ల ఎక్స్ అక్షరం ‘ష’ పలికేది. కాలక్రమంలో ఆ ధ్వని ‘హ’ అయిపోయింది. 1815లో స్పెయిన్ భాషా అకాడమీ అలాంటి చోట్ల ఎక్స్ తీసేసి జె పెట్టమంది. మెక్సికన్లు వినలేదు. మా పేరు మేమెలా రాసుకోవాలో మీరు చెప్పేదేంటని ఎక్స్‌నే ఉంచుకున్నారు. వహాకా అనే రాష్ట్రం పేరులోనూ అదే ఎక్స్.

ప్రశ్న: మే 5 వాళ్ల స్వాతంత్ర్య దినమా? హ్యూస్టన్‌లో మా ఆఫీసులో ఆ రోజే పార్టీ చేశారు. — ఒక ఐటీ ఉద్యోగి

జవాబు: కాదు. అది 1862లో పుయెబ్లా దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన రోజు. పుయెబ్లాలో ఘనంగా చేస్తారు. మిగతా మెక్సికోలో కన్నా మీ అమెరికాలోనే దానికి హడావిడి ఎక్కువ. అయితే ఆ యుద్ధం గెలిపించిన జనరల్ సరగోసా పుట్టిన చోటు ఇప్పుడు మీ టెక్సాస్‌లోనే ఉంది. కాబట్టి పార్టీ చేసుకోండి. శుభాకాంక్షలు మాత్రం సెప్టెంబరులో చెప్పండి.

ప్రశ్న: అక్కా, మళ్లీ నేనే, డల్లాస్ నుంచి. మావాడు అరవడం మానట్లేదు. వాడికి తిట్టు లేని కేక ఏదైనా చెప్పు.

జవాబు: ఉంది. గోల్‌కిక్ కొట్టేటప్పుడు ఎదుటి గోల్‌కీపర్ మీద అరిచే ఒక కేక ఉంది, అది మాత్రం నేర్చుకోనివ్వకు. దానికి ఫిఫా మెక్సికోకి ఎన్నోసార్లు జరిమానా వేసింది. దాని బదులు ఇది నేర్పు. అర్థం పర్థం లేదు, తిట్టు అసలే లేదు, అక్కడ అమ్మమ్మల దగ్గర్నుంచి మనవల దాకా అందరికీ వచ్చు: ‘చికితిబుమ్ ఆ లా బిమ్ బోమ్ బా, ఆ లా బీయో, ఆ లా బావో, ఆ లా బిమ్ బోమ్ బా! మెహికో, మెహికో, రా రా రా!’

మా పిల్లకి ఇది నేర్పితే, చివరి మాట విని, ‘ఎవర్ని రమ్మంటున్నారమ్మా?’ అంది.