ఆర్‌సెటి ట్రైనింగ్ ఖర్చు ఎవరిది? అది పూర్తయితే లోన్ ఖాయమా?

గ్రామీణ పేద అభ్యర్థులకు ట్రైనింగ్, భోజనం, వసతి అన్నీ ఉచితమే కానీ, కోర్సు పూర్తి చేసినంత మాత్రాన లోన్ వచ్చి తీరుతుందని లేదు.

ఆర్‌సెటి అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటి అనే శిక్షణ సంస్థ దీనికి మూలం. ఆర్‌సెటిలను జిల్లాకు ఒకటి చొప్పున బ్యాంకులే నడుపుతాయి. పేద అభ్యర్థుల శిక్షణకైన ఖర్చును, తలకు ఇంత అని లెక్కగట్టి, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ తిరిగి చెల్లిస్తుంది. ఆ డబ్బు వెళ్లేది సంస్థకే, అభ్యర్థి చేతికి కాదు.

లోన్ లెక్క వేరు. అది బ్యాంకు సొంత డబ్బు, తిరిగి కట్టాల్సిన అప్పు. ఆదోని దగ్గరి పల్లె నుంచి ఒకామె వచ్చి నెల రోజులు టైలరింగ్ నేర్చుకుందనుకుందాం. కుట్టుమిషన్లకు లోన్ అడిగితే, సర్టిఫికెట్‌తో పాటు మిషన్ల కొటేషన్, షాపు ఎక్కడ పెడుతుంది, పాత బాకీలున్నాయా, సిబిల్ స్కోరు (పాత అప్పులు ఎలా కట్టారో చూసి వేసే మార్కు) ఎంత అన్నవీ మేనేజర్ చూస్తాడు. సర్టిఫికెట్ ఉంటే ఆమె మాటకు కాస్త బరువొస్తుంది, అంతవరకే. శిక్షణ తర్వాత రెండేళ్లపాటు సంస్థ వెన్నంటి ఉండి లోన్‌కు సాయం చేయాలన్నది నిబంధన. మన జనం అడగకుండా వదిలేసేది సరిగ్గా దీన్నే.

చాలామంది పొరపడేది ఇంకొకటుంది: లోన్, సబ్సిడీ ఒకటేనని. సబ్సిడీ కావాలంటే పీఎంఈజీపీ (కొత్తగా చిన్న యూనిట్ పెట్టేవాళ్లకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం) లాంటి పథకానికి విడిగా దరఖాస్తు పెట్టాలి. అక్కడ కూడా ముందు బ్యాంకు లోన్ మంజూరు చేస్తేనే సబ్సిడీ కదులుతుంది.