రెప్పల్లో పురుగులా? ముందు ఆ చుక్కల మందు సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 52. కొన్ని నెలలుగా పొద్దున లేవగానే కనురెప్పల అంచులు బాగా దురద పెడుతున్నాయి. వెంట్రుకల మొదట్లో తెల్లగా పొట్టులా పేరుకుంటోంది. కంటికి కనిపించని పురుగుల వల్ల ఇలా అవుతుందని చదివాను. టీ ట్రీ నూనె రాస్తే చస్తాయా? మావారికి అంటుకుంటాయా? ఆయన కంటి ఆపరేషన్‌కు ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలు మిగిలితే వేసుకుంటున్నాను. హాయిగా ఉంటోంది, మానేస్తే మళ్లీ మొదలు. ఎడమ పైరెప్పలో ఒకేచోట రెండుసార్లు గడ్డ కూడా వచ్చింది.

జవాబు: మీరు పురుగుల గురించి అడిగారు కానీ, నన్ను కంగారు పెట్టింది ఆ చుక్కల మందు. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణచిపెడుతుంది, అందుకే హాయి. లోపల మాత్రం కొందరికి కంటి పీడనం పెరిగిపోతుంది. నొప్పి ఉండదు, చూపు మొదట్లో బాగానే ఉంటుంది. తెలిసేసరికి కంటి నరం దెబ్బతిని ఉంటుంది. దీన్నే గ్లకోమా అంటారు, దీంతో పోయిన చూపు తిరిగి రాదు. శుక్లం కూడా త్వరగా రావచ్చు. పైగా మూత తీసి నెల దాటిన సీసా ఎవరిదైనా సరే వాడకూడదు. ఒకరి మందు ఇంకొకరు వేసుకోవడం ఏమిటమ్మా? ఈ వారంలోనే కంటి డాక్టరుకు చూపించుకోండి, పీడనం కొలిపించుకోండి. ఆ సీసా వెంట తీసుకెళ్లండి. మందు ఒక్కసారిగా ఆపాలా, మెల్లగా తగ్గించాలా అన్నది వారే చెప్పాలి.

గడ్డను కూడా తేలిగ్గా తీసుకోకండి. చాలావరకు అది నూనె గ్రంథి మూసుకుపోయి వచ్చే మామూలు గడ్డే. అయితే ఒకేచోట మళ్లీ మళ్లీ వస్తున్నా, అక్కడ వెంట్రుకలు రాలుతున్నా బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడం, అవసరం కావచ్చు. అరుదుగానైనా ఆ గ్రంథుల్లో క్యాన్సర్ ఇలాగే కనిపిస్తుంది.

ఇక పురుగులు. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీరు చెప్పిన పొట్టు డెమోడెక్స్ అనే ఈ పురుగులకు గట్టి గుర్తే. వయసు పెరిగేకొద్దీ చాలామందిలో ఉంటాయి, దగ్గరగా మసలేవారికి చేరతాయి కూడా. ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. వీటిలో ఒక రకం వెంట్రుక కుదురులో, ఇంకో రకం రెప్పలోపలి మెబోమియన్ అనే నూనె గ్రంథుల్లో మకాం వేస్తాయి. ఆ గ్రంథుల నూనె కన్నీటి మీద పొరగా నిలిచి, తడి ఆరిపోకుండా కాపాడుతుంది. అవి పూడుకుంటే పలచగా రావాల్సిన నూనె పేస్టులా గట్టిపడుతుంది. కళ్లు పొడిబారి మండుతాయి. ఏళ్ల తరబడి వదిలేస్తే గ్రంథులు కుంచించుకుపోతాయి, మళ్లీ మునుపటిలా కావడం కష్టం.

టీ ట్రీ నూనె నేరుగా రాయకండి, కంటిపొర కాలుతుంది. రెప్పల కోసమే తయారుచేసిన వైప్స్ డాక్టరు చెబితే వాడండి. గోరువెచ్చని కాపడం 5 నుంచి 10 నిమిషాలు పెట్టి, ఆ తర్వాత రెప్పను అంచువైపు మెల్లగా నిమరండి. పురుగు ఆయుష్షు రెండు మూడు వారాలు, గుడ్లూ ఉంటాయి కాబట్టి వారం చేసి వదిలేస్తే లాభం లేదు. ఈ పురుగులను చంపే లొటిలేనర్ అనే చుక్కల మందుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది, అదైనా 6 వారాలు వేయాలి.

పరీక్షకు వెళ్లే రోజు కంటికి మేకప్ వద్దు, రెప్పలు రుద్ది కడగొద్దు. కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్ దగ్గర కిందికి చూడమన్నప్పుడు ఆ పొట్టు వెంట్రుకల మొదట్లో అలాగే కనిపించాలి.