క్లాసులో ఎవరూ నోరు విప్పరు

ప్రశ్న: ఆగస్టులో జెట్ ప్రోగ్రామ్ (విదేశీయుల్ని బడుల్లో పనికి పిలిపించే జపాన్ ప్రభుత్వ పథకం) కింద జపాన్ వచ్చాను. జూనియర్ హైస్కూల్లో అసిస్టెంట్ ఇంగ్లిష్ టీచర్ని. రెండు నెలలు సరదాగానే గడిచాయి. ఇప్పుడు ఏం అడిగినా పిల్లలు ఉలకరు, పలకరు. శాకాహారిని, బడి భోజనం గొంతు దిగడం లేదు. గదికి చేరగానే ఏడుపొస్తోంది. వెనక్కి వచ్చేయనా?
– ఒక పాఠకురాలు, నాగానో

జవాబు: ఆ సంగతి నవంబరులో తేల్చుకోకండి. కొత్త మోజు తీరేదీ, చలి ముదిరేదీ అక్కడ ఒకేసారి. డిసెంబరులో నాలుగున్నరకే పొద్దుగూకుతుంది.

పిల్లల మౌనం మీ మీద కోపం కాదు. నలుగురిలో తప్పు చెబుతామన్న బెరుకు. అందుకే ‘ఎవరు చెబుతారు?’ అని తరగతి మొత్తాన్ని అడగొద్దు. ప్రశ్న బోర్డు మీద రాయండి. ఒక నిమిషం నోట్‌బుక్కులో రాసుకోనివ్వండి, మరో నిమిషం పక్కవాళ్లతో మాట్లాడుకోనివ్వండి. ఆ తర్వాత ఒక జంటను అడగండి. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. మనవాళ్లం మూడుకే ఆగలేక జవాబు మనమే చెప్పేస్తాం. ‘అర్థమైందా?’ అంటే అందరూ ‘హై’ (అవును) అంటారు, దానికి విలువ లేదు. మీతో పాఠం చెప్పే జపనీస్ టీచర్ వెంటనే అనువదించేస్తే పిల్లలు మీ ఇంగ్లిష్ వినడం మానేస్తారు. కాస్త ఆగి అనువదించమని ముందురోజే, స్టాఫ్‌రూమ్‌లో విడిగా అడగండి. పిల్లల ముందు మాత్రం వద్దు. వారానికి రెండు రోజులు బడయ్యాక వాళ్ల క్లబ్బుకు వెళ్లండి. క్లాసులో బిగుసుకుపోయిన పిల్లాడే బ్యాడ్మింటన్ కోర్టులో మిమ్మల్ని పలకరిస్తాడు.

ఇక భోజనం. ‘మాంసం వద్దు’ అంటే చేప పెడతారు. కూరగాయల సూప్‌లోనూ దాషి ఉంటుంది, ఎక్కువగా ఎండు బోనిటో చేపతో కాచిన రసమే. కొంబు దాషి సముద్రపు నాచుది, మీకు పనికొస్తుంది. ‘నికు మో సకానా మో తాబెమాసెన్, కత్సువో దాషి మో దమే దెస్’ (మాంసం, చేప తినను, బోనిటో దాషి కూడా పనికిరాదు) అని కాగితం మీద జపనీస్‌లో రాయించుకుని దగ్గరుంచుకోండి. నెలవారీ మెనూ ముందే ఇస్తారు, అడిగి తీసుకోండి. ఏదీ కుదరకపోతే ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటానని ఆ నెల రాకముందే ఆఫీసులో చెప్పి, భోజనం డబ్బులు ఆపించండి.

ఇంటికి రోజూ గంటల తరబడి వీడియో కాల్ చేస్తుంటే తగ్గించండి. సాయంత్రాలన్నీ గదిలోనే గడిచిపోతాయి. అక్కడి రాత్రి ఎనిమిదికి ఇక్కడ సాయంత్రం నాలుగున్నర. అమ్మగారికి వీలైన రెండు రోజులు ఖాయం చేసుకోండి.

నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి దెబ్బతింటే ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలవండి. జెట్ వాళ్లకు ప్రతి ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) సలహాదారు ఉంటారు. ముందు వారికి ఫోన్ చేసినా డాక్టర్ దగ్గరికి దారి చూపిస్తారు.